ఐదో ఫౌల్ తర్వాత పద్నాలుగు పాయింట్లు

మా వారి మీద నాకున్న ఫిర్యాదుల్లో మొదటిది కూరల పట్టిక. వంటింటి గోడకు, కేలండర్ పక్కన, ఆయన స్వహస్తాలతో గళ్లు గీసిన కాగితం ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆడినవి, గెలిచినవి, ఓడినవి, శాతం. ఈ సీజన్లో గుత్తివంకాయ ఏడింట ఆరు గెలిచి అగ్రస్థానంలో ఉంది. బీరకాయ ఐదాడి ఐదూ ఓడింది. దాని ఎదురుగా "వచ్చే సీజన్‌కు అనుమానమే" అని రాసిపెట్టారు. వండేది నేనే అయినా అప్పీలు చేసుకునే వీలు లేదు. ఆయనకు ప్రపంచంలో ఏదైనా ఒక స్థానంలో ఉండాలి. నేను ఎన్నో స్థానంలో ఉన్నానో అడగలేదు. పోటీలో రెండోవాళ్లెవరో తెలియడం ఇష్టం లేక.

ఆ శనివారం ఉదయం మాత్రం ఆయన ఉప్మాకు ఫలితం ప్రకటించకుండానే ప్లేటు పక్కకు జరిపారు. నేను స్టవ్ ఆపేశాను. విషయం పెద్దదేనన్నమాట.

మా వారు వెంకటేశ్వరరావుగారు ఉత్తర శివారు కళాశాలల పురుషుల బాస్కెట్‌బాల్ లీగ్‌కు పదిహేనేళ్లుగా రికార్డుల కన్వీనరు. లీగ్‌కు ఇది ముప్పయ్యో ఏడు. అన్ని సీజన్ల పట్టికలూ రికార్డులూ కలిపి పుస్తకం వేస్తున్నారు. సాయంత్రం నాలుగింటికి అది ప్రెస్సుకు వెళ్లాలి. పాత స్కోర్ షీట్లు సరిచూడమని కమిటీ అంజయ్య అనే రిటైర్డ్ సబ్ ఇన్‌స్పెక్టర్‌ను పెట్టింది. ఆయన వందల షీట్లు దాటుకుంటూ వచ్చి 2003 ఫైనల్ దగ్గర ఆగాడు.

ఆ ఫైనల్లో శామీర్‌పేటలోని చెరువుకట్ట డిగ్రీ కళాశాల, దుండిగల్ వైపు ఇంజనీరింగ్ కళాశాలను 71–70తో ఓడించింది. చెరువుకట్ట చరిత్రలో కప్పు అదొక్కటే. పదకొండో నంబరు చొక్కా తొడుక్కున్న మల్లేష్ అనే కుర్రాడు ఆ రోజు నలభై నాలుగు పాయింట్లు చేశాడు. ఒకే మ్యాచ్‌లో ఒకే ఆటగాడు అన్ని చేయడం లీగ్‌లో ఇప్పటికీ రికార్డు. ఆ మల్లేషే ఇప్పుడు అదే కళాశాలకు కోచ్.

అంజయ్య రిపోర్టు అరపేజీ. ఐదు ఫౌళ్లు చేసినవాడు కోర్టు వదిలి వెళ్లాలి. పదకొండో నంబరుకు మూడో క్వార్టర్ ముగిసేసరికే ఐదు ఫౌళ్లున్నాయి. అదే పదకొండో నంబరు నాలుగో క్వార్టర్లో పద్నాలుగు పాయింట్లు చేసింది. కనుక మోసం. కప్పు రద్దు, రికార్డు రద్దు. 2001 నుంచి 2005 వరకు మిగతా నాలుగేళ్ల కప్పులూ ఇంజనీరింగ్ కళాశాలవే కాబట్టి ఇదీ చేరితే వాళ్లవి వరుసగా ఐదు.

"కాగితం ఏం చెబితే నేను అదే రాయాలి జానకీ" అన్నారు మా వారు. "కాకపోతే, కాగితం చెప్పింది అంజయ్యగారికి సరిగా వినిపించిందా అని."

మా కాలనీలో నీళ్ల మోటారు మాయమైన కేసు నేను తేల్చిన దగ్గర నుంచి ఆయనకు నా చెవుల మీద గురి. గుండ్లపోచంపల్లిలో షేర్ ఆటో ఎక్కాను.

పదకొండూ ఇరవైకి చెరువుకట్ట కళాశాల ఆటల గదిలో ఉన్నాను. బల్ల మీద స్కోర్ షీటు. బల్ల వెనుక, ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో అంజయ్య. గోడకు అద్దాల ఫ్రేములో పదకొండో నంబరు చొక్కా, దాని పక్కన 2003 జట్టు ఫోటో. గుమ్మం దగ్గర మల్లేష్ నిలబడి ఉన్నాడు. నలభై దాటినా తల గుమ్మానికి తగులుతుందేమో అన్నట్టు వంగే అలవాటు పోలేదు.

సార్ రాలేదా, మిమ్మల్ని పంపిండా అని అంజయ్య పలకరించాడు. ఆయన పట్టిక గీస్తున్నారు, గీతలు వంకర పోతాయని రాలేదన్నాను.

"మేడం, ఇది మోటరు కేసు గాదు. ముప్పై రెండేండ్ల సర్వీసుల నా చార్జిషీటు ఒక్కటి వాపసు రాలే."

"చదివినవాళ్లు లేకా, తప్పులు లేకా?" అని అడిగి షీటు నా వైపు తిప్పుకున్నాను.

ఆ రోజు స్కోరర్ ఎల్లయ్య. ఇదే కళాశాలలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటు, పోయి ఆరేళ్లయింది. ల్యాబ్‌లో తూకాలు రాసిన చేయి కాబట్టి అంకె అంకెకు మధ్య దూరం కూడా సమానమే. పద్ధతి ప్రకారం మొదటి, మూడో క్వార్టర్లకు ఎర్ర సిరా, రెండు, నాలుగుకు నీలం. ఎడమ వైపు పది మంది పేర్లు, ఒక్కొక్కరి ఎదుట వాళ్ల ఫౌళ్లు. కుడి వైపు ఒక్కొక్క బాస్కెట్ పక్కన అది వేసినవాడి నంబరు.

మల్లేష్ వరుసలో ఐదు ఫౌళ్లు: ఒకటి ఎరుపు, రెండు నీలం, మళ్లీ రెండు ఎరుపు. అంజయ్య లెక్క తప్పలేదు.

కానీ ఆ రెండు నీలం ఫౌళ్ల పక్కన చెరో చుక్క ఉంది. కుడి వైపు చూస్తే, రెండో క్వార్టర్లో మూడు చోట్ల పదకొండు పక్కన కూడా అలాంటి చుక్కే. మొత్తం ఐదు చుక్కలు. పెన్ను కారినట్టుందని అంజయ్య తేల్చేశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఎందుకంటే నాలుగో క్వార్టర్ కూడా నీలం పెన్నుతోనే రాశాడు ఎల్లయ్య. అందులో ఒక్క చుక్క లేదు. కారే పెన్ను పదకొండో నంబరు మీదే, అదీ రెండో క్వార్టర్లోనే కారదు. మా ఇంట్లో పనమ్మాయి రాని రోజున నేను కేలండర్‌లో పెట్టే చుక్క కూడా ఇంత శ్రద్ధగానే ఉంటుంది. చుక్క పెట్టేది మర్చిపోకుండా ఉండటానికి.

ఆరో చుక్క ఎడమ వైపు దొరికింది. పది పేర్లలో ఏడింటికి ఎదురుగా నంబర్లున్నాయి, ఐదు నుంచి పదకొండు వరకు. చివరి ముగ్గురికి నంబరు లేదు. ఆ ముగ్గురిలో శివ అనే పేరుకు మాత్రం నంబరు ఉండాల్సిన గడిలో చుక్క ఉంది. నంబర్లు లేనివాళ్లు ఆడలేదు, అంతే అన్నాడు అంజయ్య.

మల్లేష్‌ను ఆ మ్యాచ్ గురించి చెప్పమన్నాను. అడగటమే ఆలస్యం. చివరి నిమిషంలో ఎవరు ఎవరికి పాస్ ఇచ్చారో, ఆఖరి బాస్కెట్ పడేసరికి గడియారంలో ఎన్ని సెకన్లు మిగిలాయో, అవతలి జట్టు పొడుగాటి కుర్రాడు ఏ చేయి అడ్డం పెట్టాడో అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపు అతని మెడ నిటారుగా ఉంది.

"మరి ఐదో ఫౌల్?"

"యాదికి లేదు మేడం" అన్నాడు. మెడ వంగింది.

ఇరవై ఏళ్ల కిందటి సెకన్లు గుర్తున్న మనిషికి, ఈ రోజు తన మీద మోసగాడని ముద్ర వేయబోతున్న ఆ ఒక్క ఫౌల్ గుర్తు లేదట. నేను ఫోటో దగ్గరకు నడిచాను. పది మంది కుర్రాళ్లు, మధ్యలో కప్పు. వెనుక వరుసలో ముగ్గురు బనియన్లతో ఉన్నారు. వాళ్ల చొక్కాలేవని అడిగాను. గెలిచిన జోరుల ఇప్పేసిండ్రు అని మల్లేష్ వెంటనే, మరీ వెంటనే, జవాబిచ్చాడు.

విప్పేసిన చొక్కా భుజం మీదో చేతిలోనో ఉంటుంది, గాల్లోకి విసిరితే నేల మీద పడి ఉంటుంది. ఫోటోలో ముగ్గురి చేతులూ ఖాళీ. నేల మీద బంతి తప్ప ఏమీ లేదు. ఒక పక్కగా నిలబడి నవ్వుతున్న బనియన్ కుర్రాడు ఎవరని అడిగితే శివ అని చెప్పి, పిల్లలు ఎదురు చూస్తున్నారంటూ మల్లేష్ కోర్టులోకి వెళ్లిపోయాడు.

అంజయ్య గడియారం చూసుకున్నాడు. మూడున్నరకు నేను సంతకం పెట్టి పంపుతున్న, మీరేమన్న తెస్తే అంతకు ముందే తేండ్రి అన్నాడు. మర్యాదగానే అన్నాడు. గెలిచాననుకున్నవాళ్లకు మర్యాద బాగా వస్తుంది.

మల్లేష్ తల్లి బుచ్చమ్మ శామీర్‌పేట చెరువు దగ్గర రోడ్డు పక్కన టార్పాలిన్ పట్టా కింద చేపలు అమ్ముతుంది. పన్నెండూ యాభైకి ఆమె ముందు కూర్చుని రవ్వ చేప కోయించుకుంటున్నాను. కొనకుండా ప్రశ్నలు అడిగితే పోలీసు అంటారు, కొంటూ అడిగితే కబుర్లంటారు.

నా కన్నా ముందు ఇద్దరు కొన్నారు. ఇద్దరికీ ఆమె పొలుసు తీస్తూనే చెప్పింది, తన కొడుకు ఒక్క ఆటలో నలభై నాలుగు కొట్టాడని, ఇప్పటిదాకా ఎవడూ దాటలేదని. వాళ్లు ఆ సంగతి చాలాసార్లు విన్నవాళ్లలాగే తలూపి వెళ్లారు. అక్షరం రాని ఆమె ఆ అంకెను ఎవరు తప్పు పలికినా దిద్దుతుందట. అంజయ్య రిపోర్టు సంగతి ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

జట్టు బట్టలు ఎవరు ఉతికేవారని అడిగాను. డిటెక్టివులు సాధారణంగా ఈ ప్రశ్న అడగరు. వాళ్ల బట్టలు ఎవరో ఉతికి పెడతారు కనుక.

ఇంకెవరు, నేనే అంది ఆమె. కాలేజీ వాళ్లిచ్చిన సబ్బుబిళ్ల సగానికే అయిపోయేదట. ఎన్ని చొక్కాలు ఉతికేవారన్నాను.

"ఏడు బిడ్డా. గవ్వే ఏడు ఉండె. పోరగాండ్లేమో పదిమంది. ఒకడు కూసుంటే ఇంకొకడు ఆ అంగి ఏసుకొని ఉరుకుడే."

మల్లేష్ చొక్కా ఎవరు వేసుకునేవారని అడిగాను.

"శివగాడు. ఇద్దరిది ఒక్కటే కొలత. కప్పు గెల్సిన దినం మావోడు మోకాలు పట్టుకొని జరసేపు కూసున్నడంట, శివగాడే ఏసుకున్నడు. గా దినం గా ఒక్క అంగి ఇద్దరి చెమట తాగింది. ఎన్ని తీర్ల పిండినా వాసన పోలే."

చేప సంచి చేతికి తీసుకున్నాను. కేసు తేలిపోయిందని సంతోషిస్తూ బస్టాపు దాకా నడిచాను. ఐదు ఫౌళ్లలో చుక్క ఉన్న రెండూ శివవి. మల్లేష్‌వి మూడే. నాలుగో క్వార్టర్లో అతను ఆడటంలో తప్పే లేదు. కప్పు చెరువుకట్టదే.

బస్టాపులో నిలబడ్డాక గానీ రెండో సంగతి తట్టలేదు. ఎల్లయ్య చుక్కలు ఫౌళ్ల దగ్గరే లేవు. మూడు బాస్కెట్ల పక్కన కూడా ఉన్నాయి. మూడు రెళ్లు ఆరు.

మల్లేష్ ఎందుకు నోరు విప్పడం లేదో అప్పుడు అర్థమైంది. మోసగాడని ఇతరులు రికార్డు తీసేసుకుంటే అన్యాయం జరిగిందని జీవితాంతం చెప్పుకోవచ్చు. చొక్కా సంగతి తానే చెబితే కప్పు నిలుస్తుంది కానీ, నలభై నాలుగు తనది కాదని తన నోటితో ఒప్పుకోవాలి. తల్లి ముందు, తను ఆట నేర్పుతున్న పిల్లల ముందు.

మా వారికి ఫోన్ చేశాను. చొక్కాలు మార్చుకోవడం ఆ రోజుల్లో తప్పా కాదా అని ఒక్కటే అడిగాను. అవతల కాగితాల చప్పుడు కూడా వినబడలేదు.

"2003 ఆగస్టు సమావేశం, నాలుగో తీర్మానం" అన్నారు. "సరిపడా చొక్కాలు లేని కళాశాలలు ఆ ఒక్క సీజన్‌కు ఆట మధ్యలో మార్చుకోవచ్చు. స్కోరర్ గుర్తు పెట్టాలి. ఎనిమిది కళాశాలలూ సంతకం చేశాయి. మరుసటి ఏడు ఎవరో దాత అందరికీ చొక్కాలు ఇచ్చారు, దాంతో అందరూ మర్చిపోయారు. నేను కూడా, ఛీ."

బీరకాయ ఓటములు గుర్తుపెట్టుకునే మనిషి ఛీ అనుకోవడం నాకు కొంచెం ఆనందంగానే ఉంది. తీర్మానం ఫోటో తీసి పంపమన్నాను. ఆరు పాయింట్ల సంగతి చెప్పలేదు. ఎందుకని నన్ను నేను అడిగితే చేప సంచి వంక చూసుకున్నాను.

మూడూ పదికి ఆటల గదిలో అంజయ్య పెన్ను మూత తీసి కూర్చున్నాడు. మల్లేష్ కిటికీ దగ్గర ఉన్నాడు. నేను ఎల్లయ్య చుక్కలు వరుసగా చూపించాను, నాలుగో క్వార్టర్లో ఒక్కటీ లేకపోవడం చూపించాను, ఫోటోలో ఖాళీ చేతులు చూపించాను. ఏడు చొక్కాల సంగతి చెప్పాను. బుచ్చమ్మ పేరెత్తగానే మల్లేష్ కిటికీ చువ్వ పట్టుకున్నాడు. చివరికి ఫోన్‌లో వచ్చిన తీర్మానం అంజయ్య ముందు పెట్టాను.

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. సంతకాలు లెక్కపెట్టాడు. తర్వాత లేచి ఫోటో దగ్గరకు వెళ్లి బనియన్ల కుర్రాళ్లను ఒక్కొక్కరినే చూశాడు.

"ఏడు అంగీలతోని గెల్సిండ్రా" అన్నాడు, మాలో ఎవరితోనూ కాకుండా. తిరిగి వచ్చి తన రిపోర్టులో మోసం అన్న మాట మీద గీత కొట్టాడు. పాతకాలపు పోలీసు గీత, కింద కాగితానికి కూడా దిగింది.

అంతటితో నేను బయటపడాల్సింది. కానీ ముప్పై రెండేళ్ల సర్వీసు ఊరికే పోదు. కూర్చోబోయినవాడు ఆగి, షీటు మీదకు మళ్లీ వంగాడు. వేలు కుడి వైపుకు జరిగింది.

"మేడం. ఫౌళ్లు శివవి అయితే, గీ మూడు బాస్కెట్లు ఎవరియి?"

ఆయన సమాధానం నా ముఖంలో చదివాడు. మీకు ముందే ఎరుకా అని అడిగాడు. ఒంటిగంట నుంచి తెలుసన్నాను. మరి చెప్పలేదేమన్నాడు. దాస్తున్నారా అని కూడా అన్నాడు. చార్జిషీటు వాపసు వచ్చిన బాధ ఇంకా తాజాగా ఉంది కదా.

"దాచేదాన్నైతే షీటు మీ ముందు వదిలేదాన్ని కాదు" అన్నాను. "నేను చెబితే అది దర్యాప్తు అవుతుంది. ఆ మాట చెప్పాల్సిన మనిషి ఇంకొకరున్నారు. నాలుగింటిదాకా టైముంది."

నలభై నాలుగు లోంచి ఆరు పోతే ముప్పై ఎనిమిది. 2011లో ఇంజనీరింగ్ కళాశాల కుర్రాడొకడు నలభై ఒకటి చేశాడు. అంజయ్య అది పైకి అనలేదు. కాగితం మూల మీద రాసి, మల్లేష్ వైపు కాకుండా బయట కోర్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. అక్కడ చెరువుకట్ట పిల్లలు పన్నెండు మంది ఉరుకుతున్నారు. పన్నెండు మందికీ చొక్కాలున్నాయి.

మల్లేష్ కిటికీ చువ్వ వదిలాడు. మూడూ ముప్పై నాలుగు అయింది. ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, స్కోర్ షీటు పక్కన పెట్టాడు. మేడ్చల్ దుండిగల్ మధ్య షేర్ ఆటో నడుపుతాడు శివ అని నాతో చెప్పాడు. అవతల ఆటో మోత, ఎవరో గేట్ దగ్గర ఆపమంటున్న గొంతు.

"ఏందన్నా, సవారీల ఉన్న, జల్దీ చెప్పు."

"శివా. మన ఫైనల్ల నువ్వెన్ని కొట్టినవ్?"

ఆటో మోత ఆగిపోయింది. శివ బండి పక్కకు తీసి ఆపినట్టున్నాడు. లెక్క వేసుకోవడానికి ఆపింది కాదది. లెక్క అతని దగ్గర ఎప్పటి నుంచో సిద్ధంగా ఉందని గొంతు వినగానే తెలిసింది.

"మూడు బాస్కెట్లు. రెండు ఎడమ దిక్కుకెళ్లి కొట్టిన. ఒకటి బోర్డుకు తాకి పడ్డది. గిప్పుడెందుకన్నా గయన్ని?"

మల్లేష్ నిలబడ్డ తీరు మారింది. పొద్దున ఆఖరి బాస్కెట్ గురించి చెప్పినప్పుడు చూసిన నిటారు మెడ. అంజయ్య తెలియకుండానే కుర్చీలోంచి లేచాడు.

"పుస్తకంల ఎక్కిస్తున్నరు. కప్పు మనదే, ఎవ్వడు గుంజుకోలేడు. నీ పేరు మీద ఆరు, నా పేరు మీద ముప్పై ఎనిమిది. మాయమ్మకు నేనే చెప్త, ఈ పోరగాండ్లకు గూడ నేనే చెప్త." షీటు మీద శివ పేరు పక్కన చుక్క మీద వేలు పెట్టాడు. "ఇన్నేండ్లు నీ ఆరు నా దగ్గర పెట్టుకొని తిరిగిన. నాదే తప్పు రా, శివా."